బీరమ్మ వాళ్ల ఇంటికి తాళం పడే రోజు

మా చిన్నప్పుడు... చలి మొదలైందంటే పక్కింటి బీరమ్మ వాళ్లు ఇల్లు సర్దడం మొదలుపెట్టేవాళ్లు. వాళ్లు గొర్రెలు కాసేవాళ్లు. మా కల్వకుర్తి వైపు గడ్డి ఎండిపోగానే మందను తోలుకుని కృష్ణా నది ఒడ్డుకు పోయేవాళ్లు. మళ్లీ ఉగాదికే రావడం. అన్నాళ్లూ ఇల్లు ఖాళీ.

ఆ సర్దడం చూడాలి... జొన్నల గుమ్మి మూతికి పేడా మట్టీ కలిపి మెత్తేవాళ్లు. కుండలన్నీ బోర్లించి, మంచాలు గోడకు నిలబెట్టి, చెదలు పట్టకుండా గోడల వెంట బూడిద చల్లేవాళ్లు. కోళ్లను మాకు అప్పగించేవాళ్లు. అన్నీ అయ్యాక బీరమ్మ వాళ్ల అవ్వ పొయ్యిని ఎర్రమట్టితో అలికి, పక్కన ఒక చిప్పలో గుప్పెడు జొన్నలూ ఇంత ఉప్పూ పెట్టేది.

"ఇల్లు ఉత్తగ ఉండొద్దు బిడ్డా... అలుగుతది" అనేది.

మాది నేత ఇల్లు. గుంట తవ్వి పాతిన మగ్గం ఎక్కడికి కదులుతుంది? అసలు మా ఇంట్లో తాళమే లేదు! అందుకే నా ఈడుదే అయిన బీరమ్మంటే నాకు కుళ్లు... దాచుకోవడం ఎందుకు, ఒళ్లంతా కుళ్లే. ఏట్లో ఈత కొట్టిందట, పల్లికాయ కాల్చుకుని తిన్నదట, దారంతా గాడిద మీదే పోయిందట. వచ్చాక నెల రోజులు అవే కోతలు. నేను రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టుకుంటూ వినాలి.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్లు. అరవై ఏళ్ల కిందటి మాట. బయలుదేరే రోజు పొద్దున బీరమ్మ కొత్త గొంగడి కప్పుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వు గీడనే ఉండు. నేను పోతున్న" అంది.

కడుపు మండిపోయింది. మా తాత ముక్కుపొడి డబ్బీలోంచి ఓ చిటికెడు తీసి గుప్పిట్లో పెట్టుకుని వాళ్ల వాకిట్లో నిలబడ్డాను. పెద్దవాళ్లు ఒక్కొక్కరే గడప దాటారు. చివరగా బీరమ్మ. అది కాలు బయట పెట్టే సమయానికి ముక్కుపొడి పీల్చి గట్టిగా తుమ్మాను.

అందరూ ఆగారు. దాన్ని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, నీళ్లు తాగించి మళ్లీ పంపారు. మళ్లీ తుమ్మాను. మూడోసారి కూడా... అప్పటికి నేను ఆపుదామన్నా ఆగలేదు, అది వేరే సంగతి.

ఆ ఒక్క రోజు ప్రయాణం ఆగితే చాలు, దాని మొహం మాడితే చాలు అనుకున్నాను. కానీ అవ్వ లెక్క వేరు. "మూడుసార్లు గీ పోరి దాటంగనే తుమ్ము పడ్డది. నీళ్ల గండమున్నట్టుంది. దీన్ని తోలుకపోవద్దురా" అంది కొడుకుతో. బీరమ్మ వాళ్ల నాయిన గడప మీదే కూలబడ్డాడు. మంద అప్పటికే ఊరు దాటింది, ఆగే వీల్లేదు.

"మా ఇంట్ల ఉంటది తియ్యన్నా, ఏం ఫికర్ చెయ్యకు" అంది మా అమ్మ.

తాళం పడింది. తలుపుకు తుమ్మకంప అడ్డం పెట్టారు. బీరమ్మ వాళ్లమ్మ చంకలో పసివాణ్ణి వేసుకుని, వెనక్కి చూస్తూ చూస్తూ పోయింది.

ఇక నా గతి చూడండి! అమ్మ ముందు దానికే తల దువ్వేది. పెద్ద రొట్టె దానికే. తాత దాచిన బెల్లం ముక్క కూడా దానికే. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడడమంటే ఇదే. నవ్వకండి... మళ్లీ కుళ్లుకుని నేను నిజంగానే ఏడ్చాను. అది మాత్రం పొద్దుగూకేసరికి పోయి వాళ్ల మూసిన తలుపు దగ్గర కూర్చునేది. పిలిస్తే గానీ వచ్చేది కాదు.

ఉగాదికి వాళ్లు తిరిగొచ్చారు. బీరమ్మ పరుగెత్తి తమ్ముణ్ణి ఎత్తుకోబోయింది. వాడు దాన్ని గుర్తుపట్టలేదు. గుక్కపట్టి ఏడ్చి అమ్మ మెడ కరుచుకున్నాడు. "నేనురా... నీ అక్కను" అని అది వాడి వెంట పడింది. ఆ పూటే చెప్పేయాలనుకున్నాను. చెప్పలేదు.

ఇప్పుడు మా వీధిలో సగం ఇళ్లకు తాళాలే... ఎవరు ఎప్పుడు పోయారో పక్కింటికే తెలియదు. బీరమ్మ మాత్రం ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. "నీ అసొంటి సోపతి ఎవ్వలకు దొరుకుతదే... నాలుగు నెలలు అక్కచెల్లెలోలె చూసుకుంటివి" అంటుంది. నేను ఊఁ కొడతాను.

మీరూ చెప్పండి... ఎవరి మీదైనా కుళ్లుకుని చేసి, ఇన్నేళ్లయినా వాళ్లకు చెప్పలేకపోయిన పని మీకూ ఒకటుందా?