చిన్నోడి రగ్గు

బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్లూ మా ఊరివాళ్ల లెక్కలో నేను దుబాయిలోనే ఉన్నాను. సముద్రం దాటినవాడు ఎక్కడ దిగినా వాళ్లకు దుబాయే. మేముండే గది హూరా అనే పేటలో ఒక కోల్డ్‌స్టోర్ పైన. కోల్డ్‌స్టోర్ అంటే మన కిరాణా కొట్టే. నా పక్క మంచం మా ఊరి టైల్స్ మేస్త్రీది. నాకంటే బాగా పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ని. ఆయన నోరు తెరిస్తే తమ్ముడి ముచ్చటే. మొదట్లో నాకు ఒళ్లు మండేది.

తమ్ముడికి మీసాలు వచ్చాక కూడా ఆయనకు వాడు చిన్నోడే. తల్లి పొద్దంతా బీడీలు చుడుతూ కూర్చుంటే, వాణ్ని చంకనేసుకుని ఊరంతా తిప్పింది ఈయనే. పెద్దయ్యాక తన దగ్గరికే తెచ్చుకుందామని కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానిని, బతిమాలి వీసాకు కూడా ఒప్పించుకున్నాడు. వాడు వింటేనా? తెల్లారకముందే కాలువ గట్టు మీద పరుగులు తీసి మిలిటరీ సెలక్షన్‌కు వెళ్లాడు. ఛాతీ చాలదని మొదటిసారి వెనక్కి పంపారు. మళ్లీ ఏడాది దాకా బస్కీలు తీసి, గెలలకు గెలలు అరటిపళ్లు తిని, రెండోసారి గెలిచాడు. ఆ కబురు ఫోన్లో విన్న రోజు మేస్త్రీ అన్నం ముట్టలేదు.

"ఈడ ఎండల పనిజేస్తె చెమట కారుతది గని పానం పోతదా? చెప్తె ఇనడాయె" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒకసారి నేను ఊరికి వెళ్లినప్పుడు చిన్నోడూ కాశ్మీరు నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. నల్లటి ట్రంకుపెట్టె, దాని మీద తెల్ల రంగుతో వాడి పేరు. లేచీ లేవగానే పక్కబట్టలు ఇస్త్రీ చేసినట్టు మడిచేవాడు. గడ్డం గీసుకోకుండా గడప దాటేవాడు కాదు. తల్లి బీడీలాకులు తడుపుతుంటే పక్కన కూర్చుని కత్తిరించిపెట్టేవాడు. సిపాయి ఆకులు కత్తిరించడమేమిట్రా అని నేను ఆటపట్టిస్తే నవ్వాడు. వాడి మీద కోపం పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు, వాళ్లన్న వల్ల కూడా కాలేదు.

"కొండల మీద ఎట్లుంటదిరా?" అని అడిగాను.

"మంచిగనే ఉంటది అన్నా. రాత్రి డ్యూటీల కాళ్లు మొద్దువడ్తయి, గంతే. మా అన్నను వచ్చేటప్పుడు దుబాయి రగ్గు ఒకటి తెమ్మను. కోపం పోయినట్టు నాకు గుర్తుగ ఉంటది" అన్నాడు.

నేను తిరిగి వచ్చి ఆ మాట చెప్పానో లేదో, శుక్రవారం వచ్చేసరికి మేస్త్రీ నన్ను మనామా బజారుకు లాక్కుపోయాడు. బయట నిప్పులు చెరిగే ఎండ. ఈ మహానుభావుడు దుకాణంలో ఒక్కో రగ్గూ విప్పించి, మెడదాకా కప్పుకుని, చెమటలు కక్కుతూ బరువు చూశాడు. దుకాణదారుకు నవ్వు ఆగలేదు, నాకు సిగ్గేసింది. చివరికి పులిబొమ్మ ఉన్నది నచ్చింది. జిప్పు సంచీలో పెట్టి మంచం కింద దాచాడు. చలికాలంలో సెలవుకు వెళ్లినప్పుడు ఇస్తానన్నాడు.

చలికాలం రాకముందే కార్గిల్‌లో యుద్ధం వచ్చింది.

ఆ రోజు నాకు డ్యూటీ లేదు. కింద కోల్డ్‌స్టోర్‌కు ఊరినుంచి ఫోన్ వస్తే నేనే తీశాను. మేస్త్రీ మామ మాట్లాడాడు. చిన్నోడు పోయాడు. శవం హైదరాబాద్ మీదుగా ఊరికి వస్తుంది. "ఆయనకు చెప్పకుర్రి. తల్లికి సీరియస్ అని తోలుర్రి" అని పెట్టేశాడు.

ఇది మావాళ్లందరి పద్ధతి. పరాయి దేశంలో ఉన్నవాడికి చావు కబురు చెప్పరు. దారిలో ఏమైపోతాడో అని, తల్లికి సీరియస్ అని చెప్పి విమానం ఎక్కిస్తారు. మిగతాది ఊళ్లో చూసుకుంటారు. మేస్త్రీ తన చేతుల మీదుగా ఎందరినో అలాగే పంపించాడు. అందుకే నేను పని దగ్గరికి వెళ్లి ఆ ముక్క చెప్పగానే, తల్లి చనిపోయిందనే అనుకున్నాడు. తాపీ పక్కన పెట్టి, గోడకు చేరగిలబడి, "అవ్వా" అని ఏడ్చాడు. బతికి ఉన్న తల్లి కోసం ఏడుస్తున్న మనిషిని పట్టుకుని కూర్చున్నాను.

పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర ఉంది. తల్లికి బాగోలేదంటే ఆ ముసలాయన నమ్మడు. మా గదిలోవాళ్ల తల్లులకు అన్నేసిసార్లు సీరియస్ అయింది మరి. అందుకని అరబ్బీ వచ్చిన మా హైదరాబాద్ సూపర్‌వైజర్ భాయ్ ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాడు. సాయంత్రం పాస్‌పోర్ట్ తెచ్చుకోమని మేస్త్రీని ముహర్రక్‌లోని కఫీల్ ఇంటికి పంపాం. తిరిగి వచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. గుండె దిటవు చేసుకున్నాడు, పోనీలే అనుకున్నాం.

సామాను సర్దేటప్పుడు తలపట్టుకున్నాం. రగ్గు వదిలేస్తే అనుమానం వస్తుంది, పెడదామంటే చేతులు రావు. పెట్టాం. తల్లికి సీరియస్ అన్నాం కాబట్టి ఆమెకని పాలపొడి డబ్బా, బామ్ సీసాలు, బాదంపప్పు, మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చి పెట్టాం. మేస్త్రీ మంచం మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

ఎయిర్‌పోర్టులో బరువు ఎక్కువైంది. ఏదైనా తీసేయమన్నాడు కౌంటర్‌లో కూర్చున్నాయన. నేనూ, సూపర్‌వైజర్ భాయ్ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇదే అదనని ఇద్దరం రగ్గు మీదే చెయ్యి వేశాం.

"దాన్ని ముట్టకుర్రి" అన్నాడు మేస్త్రీ. "అవ్వకు కొన్నయి తియ్యిర్రి. అవ్వకు మల్ల తీస్కపోవచ్చు. రేపు పోయినంక చిన్నోని మీద కప్పాలె."

మా ఊళ్లో చనిపోయినవాడి మీద అయినవాళ్లు తలా ఒక కొత్త బట్ట కప్పుతారు. నేను రగ్గు మీద నుంచి చెయ్యి తీసేశాను.

"ఎవరు చెప్పిన్రే అన్నా?" అని అడిగాను.

"కఫీల్. పాస్‌పోర్ట్ ఇచ్చుకుంట రెండు చేతులు వట్టుకున్నడు. నీ తమ్ముడు శహీద్ అని ఏడ్చిండు."

దాచాలన్నది మా పద్ధతి, ఆయనకేం తెలుసు? చెప్పొద్దని ఆయనతో అనాలన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. వాళ్లలో చావు ఇంటివాణ్ని ఎదురొచ్చి పలకరిస్తారు. ఆయన చేసిందే మర్యాద.

"తెలిసి గూడ చెప్పకపోతివి గదనే" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"మీరు గంత తిప్పలవడుతున్రు. ఏమని చెప్పాలె?" అన్నాడు.

పాలపొడీ చెప్పులూ తీసి నా చేతిలో పెట్టాడు. మిగతా పెట్టె లోపలికి వెళ్లిపోయింది. రగ్గు మాత్రం వెయ్యనివ్వలేదు, చేతిలోనే ఉంచుకుంటానన్నాడు. అంత పెద్ద సంచీ ఎందుకని కౌంటర్‌లో ఆయన ఏదో అనబోయి, మేస్త్రీ మొహం చూసి దానికి చేతి సామాను చీటీ కట్టేశాడు.

మేస్త్రీ దాన్ని చంకనేసుకుని లోపలికి పోయాడు.