దూకనని వేసిన ఒట్టు

పెళ్ళిళ్ళలో నన్ను కొత్తవాళ్ళకి పరిచయం చేసేటప్పుడు మా బంధువులు నా పేరు కన్నా ముందు నేను వాయుసేనలో విమానాలు నడిపిన సంగతి చెబుతారు. ఆ తరవాత వచ్చే ప్రశ్న నాకు కంఠతా వచ్చు. "అయితే పారాచూట్‌తో చాలాసార్లు దూకే ఉంటారండీ?" ఒక్కసారి కూడా దూకలేదండి అని చెబితే వాళ్ళ మొహాలు చూడాలి. వంటమనిషికి అన్నం వార్చడం రాదని తెలిసినట్టు చూస్తారు. మొన్న భీమవరంలో రొయ్యల చెరువులున్న ఒక పెద్దాయన చేతిలో ఐస్‌క్రీం కప్పుతో, "మరి గవర్నమెంటు మీకు ఏం నేర్పినట్టండీ?" అని అడిగేశాడు కూడా.

నేర్పవలసింది నేర్పారు. పారాచూట్ ఎలా తగిలించుకోవాలో, నేల తాకేటప్పుడు కాళ్ళు దగ్గరగా పెట్టి పక్కకి ఎలా దొర్లాలో, పైనుంచి కట్టిన పట్టీల్లో మమ్మల్ని వేలాడదీసి మరీ నేర్పారు. అదంతా నేల మీదే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దూకడానికి ఆ మాత్రం చాలు. నిజంగా దూకే శిక్షణ మా రోజుల్లో పైలట్లకి తప్పనిసరి కాదు. ఇష్టం ఉన్నవాళ్ళు పేరు ఇచ్చుకోవచ్చు. డాక్టరు ఒప్పుకోవాలి, పై అధికారి ఒప్పుకోవాలి. సెలవు పెట్టి సొంత సరదాకి ఎక్కడికైనా వెళ్ళి దూకాలన్నా చెప్పి వెళ్ళాల్సిందే. కాలో చెయ్యో విరిగితే విమానం నడిపే మనిషి ఒకరు తగ్గిపోతారని అధికారులు నసిగేవారు. అయినా గట్టిగా అడిగినవాళ్ళకి అనుమతి దొరికేది. నన్నయితే మా అధికారి పిలిచి మరీ అడిగాడు.

ఈ చివరి మాట పెళ్ళిళ్ళలో ఎవరికీ చెప్పను. చెబితే మా అమ్మ సంగతి చెప్పాల్సి వస్తుంది.

మాది నరసాపురం పక్కన ఊరు. నాన్న వ్యవసాయం చేసేవారు, అమ్మ ఇంటిపని అయ్యాక అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. అల్లినవి ఏజెంటు వచ్చి పట్టుకెళ్ళేవాడు. ఒకసారి కొలత తప్పిందని ఒక ముక్క వెనక్కి ఇచ్చేశాడు. అమ్మకి తిక్క రేగి, కొస పట్టుకుని లాగింది. పువ్వులూ ఆకులూ అన్నీ గిరగిరా ఊడిపోయి, చూస్తూ ఉండగానే అంత అల్లికా దారపు కుప్ప అయిపోయింది. నేను ఏడిస్తే అమ్మ నవ్వింది. ఆడపిల్లనని నాకు లేసు నేర్పాలని ఎన్ని తంటాలు పడినా నేను లొంగకపోవడానికి ఆ రోజు చూసింది కూడా ఒక కారణం.

నేను శిక్షణకి బయల్దేరిన రోజున నరసాపురం స్టేషన్లో నాన్న ట్రంకు పెట్టె సర్దుతుంటే అమ్మ నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"విమానం నడుపు, నాకేం భయం లేదు. దూకనని మాత్రం ఒట్టెయ్యి."

"ఇంజను ఆగిపోయినా దూకొద్దా?" అన్నాను వేళాకోళంగా.

"అప్పుడు దూకు. సరదాకి దూకొద్దంటున్నాను. నేను ఇనుమునైతే నమ్ముతానే, దారాన్ని నమ్మను. దారం సంగతి నాకు తెలిసినట్టు మీ వాళ్ళకేం తెలుసు? ఒక్క కుట్టు జారిందంటే ఆఖరిదాకా ఊడొచ్చేస్తుంది."

రైలు కూత వేసింది. అమ్మ తల కిటికీ ఊచలకి ఆనించింది. నవ్వుతూనే ఊచల్లోంచి ఆమె నెత్తి మీద చెయ్యి వేసి ఒట్టు వేశాను. ఆ వయసులో ఏ ఒట్టయినా తేలిగ్గానే ఉంటుంది.

నాకు దొరికింది రవాణా విమానం. అంటే పారాచూట్లతో దూకే సైనికుల్ని మోసుకెళ్ళే పని. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళకి వెనక దూకుతున్న మనుషులు కనబడరు. వెనక తలుపు తెరవగానే హోరు వినబడుతుంది. ఒక్కొక్కరూ వెళ్ళిపోతుంటే విమానం తేలికవడం చేతికి తెలుస్తుంది, అంతే. నేను విమానం తిప్పుకుని వచ్చేసరికి వాళ్ళు కింద ఆకాశంలో తెల్లగా విచ్చుకుని, ఏ తొందరా లేకుండా దిగుతుండేవారు. దిగాక వాళ్ళ మొహాల్లో వెలుగు చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళని అక్కడిదాకా తీసుకెళ్ళేది నేను, ఆ గాలి తాకేది వాళ్ళకి. నాకు దూకాలని ఉండేది. ఏదో ఒకనాటికి అన్నట్టు కాదు, కడుపులో ఆకలి వేసినట్టు ఉండేది.

అలాంటప్పుడే దూకే శిక్షణకి పైలట్లలో ఎవరైనా వస్తారా అని అడిగారు. మా అధికారి నన్ను పిలిచి, "నీ పేరు రాయనా?" అన్నాడు. సెలవు మీద ఇంటికి వెళ్తున్నాను, వచ్చాక చెబుతానన్నాను. చిన్నపిల్లలా అమ్మ ఒట్టు గురించి ఆయనకేం చెప్పను? దానికి బదులు పారాచూట్లు మడతపెట్టే సెక్షన్‌కి వెళ్ళి, వాడకానికి పనికిరాదని పక్కన పడేసిన గుడ్డలోంచి జేబురుమాలంత ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

ఇంటికి వెళ్ళగానే దాన్ని అమ్మ ఒళ్ళో పడేశాను. "నీ దారం సంగతి దీని దగ్గర చూపించు," అన్నాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని గుడ్డని వెలుతురుకి ఎత్తి చూసింది. కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగింది. చిరగలేదు. సూదితో ఒక పోగు ఎత్తి ఊడదీయబోయింది. ఆ పోగు పక్కనున్న లావు పోగు దగ్గర ఆగిపోయింది. అమ్మ మళ్ళీ లాగింది, మళ్ళీ ఆగింది. అప్పుడు ఆ ముక్కని మడిచి లేసు సంచిలో పెట్టుకుని, "అన్నం తిందువుగాని రా," అంది.

అంతే. సెలవంతా ఎదురుచూశాను. అమ్మ ఒట్టు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చూపించాను కదా, ఇంకా బతిమాలాలా అని నాకు పౌరుషం. ఆ మౌనాన్ని వద్దనడం కిందే లెక్కేసుకున్నాను. తిరిగి వెళ్ళి మా అధికారికి ఈసారికి వద్దండి అని చెప్పాను. ఈసారి కాకపోతే ఇంకోసారి అనుకున్నాను. ఆ తరవాత వేరే ఊరికి బదిలీ, తరవాత మెడలో డిస్కు జారడం, ఆ తరవాత సర్వీసే అయిపోవడం. ఇంకోసారి అనేది రాలేదు.

నాన్న పోయాక అమ్మ ధవళేశ్వరంలో నా దగ్గరే ఉంటోంది. చూపు బాగా తగ్గింది. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంటే బొమ్మలు చూడగలదు గానీ సన్నదారం ఆనదు. ఈ మధ్య మా తమ్ముడి కూతురు సెలవుల్లో ఎక్కడికో వెళ్ళి విమానంలోంచి దూకిన వీడియో పంపింది. వెనక ఒక శిక్షకుడిని కట్టుకుని దూకడమే అనుకోండి, అయినా దూకడమే. అమ్మ దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసి, "అబ్బ! ఎంత బాగా దిగిందే పిల్ల!" అని మురిసిపోయింది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "దాన్ని చూసి మురిసిపోతున్నావు. నాచేతైతే ఒట్టు వేయించుకున్నావు," అన్నాను.

అమ్మ ఫోను దించింది. "ఆ ఒట్టు ఎప్పుడో తీసేశాను కదే."

"ఎప్పుడు?"

"నువ్వు గుడ్డ తెచ్చావు చూడు, ఆ మర్నాడే. రేవుకి వెళ్ళి గోదాట్లో మునిగి, నా బిడ్డచేత వేయించుకున్న ఒట్టు తీసేస్తున్నాను తల్లీ అని దణ్ణం పెట్టుకుని వచ్చాను."

"నాకు చెప్పొచ్చు కదమ్మా," అన్నాను.

"ఏమని చెప్పనే? వెళ్ళి దూకమ్మా అనా? ఏ తల్లి నోటి నుంచైనా వస్తుందా ఆ మాట? నువ్వు అడుగుతావు, సరేనందాం అని కూర్చున్నాను. నువ్వు అడగలేదు. నువ్వేమో మొండిదానివి, నిజంగా కావాలంటే అడక్కుండా ఊరుకుంటావా అనుకున్నాను. నీకే భయమేమో, బయటపెట్టి నిన్ను చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను."

తరవాత తడుముకుంటూ లోపలికి వెళ్ళి పాత లేసు సంచి తెచ్చింది. అందులోంచి ఆ పారాచూట్ ముక్క తీసి నా చేతిలో పెట్టింది. దాని చుట్టూ సన్నటి లేసు అంచు అల్లి ఉంది. మూడు వైపులే ఉంది. నాలుగో వైపు గుడ్డ బోసిగా ఉంది.

"జేబులో పెట్టుకుని దూకుతావని మొదలెట్టాను. ఏ రోజు దూకేదీ చెబితే ఆ నాలుగో వైపు పూర్తి చేసి పంపుదామనుకున్నాను," అంది అమ్మ. "ఇప్పుడు దూకకూడదా?"

"మెడ ఒప్పుకోదమ్మా. డాక్టరు వద్దన్నాడు."

"నేనూ వద్దన్నాను. విన్నావు," అంది. అని, కళ్ళు తుడుచుకుంది. నేను ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. ఒక్క మాట చెప్పి ఉన్నా అయిపోయేది. ఇద్దరం ఒకే ఇంట్లో, పక్కపక్క కంచాల ముందు కూర్చుని, ఆ సెలవంతా ఒకరి నోటిమాట కోసం ఒకరం ఎదురుచూశాం.

ఆ నాలుగో వైపు అలా వదిలెయ్యడం అమ్మకి ఇష్టం లేదు. సూది తీసుకుని అంచు తడిమింది, కంటికి ఆనలేదు. సూది నా చేతికిచ్చి, నేను చెబుతాను నువ్వు అల్లమంది. చిన్నప్పుడు ఎగ్గొట్టిన పాఠం ఇప్పుడు సాయంత్రాల్లో నడుస్తోంది. నా అల్లిక వంకరగా పోతుంది. అమ్మ వేలితో తడిమి, "ఇక్కడ జారింది, ఊడదీసెయ్యి. మళ్ళీ అల్లొచ్చు," అంటుంది. ఊడదీస్తాను. దారానికైతే ఆ వీలుంది.