గోడమీది గోవిందప్పకు ముందుమాట

ఒక మనిషిని నవ్వులపాలు చేసి పేరు తెచ్చుకున్నాను. ఇన్నేళ్లూ ఆ సంగతి నాలోనే దాచుకుని తిరిగాను. ఎవరైనా నా రాతలు మెచ్చుకున్నప్పుడు, మా గోడ మీద కొత్త సినిమా పోస్టరు కనబడినప్పుడు అది గుండెల మీదికి వచ్చి కూర్చుంటుంది. ఇవాళ దించేస్తాను. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లకు ఇంతకాలం చెప్పలేకపోయాను కదా.

మద్రాసు ప్రచురణకర్త ఒకాయన నా ‘గోడమీది గోవిందప్ప’ తెలుగు బొమ్మల పుస్తకాలు రెండూ కలిపి ఒకే పుస్తకంగా వేస్తానన్నాడు. గోవిందప్ప ఎలా పుట్టాడో సరదాగా నాలుగు మాటలు రాసి పంపమన్నాడు. సరదాగా రాయడం నాకు చేతనైన పనే. కూర్చున్నాను. కలం కదలలేదు. ఎందుకంటే గోవిందప్పను నేను పుట్టించలేదు. ఆయన అప్పటికే మా బళ్లారిలో ఉన్నాడు. పేరు బసన్న.

కౌల్ బజారులో మా నాన్నగారి బట్టల అంగడి ముందు నుంచే బసన్న జట్కా వెళ్లేది. తగరపు బూరా నోటికి పెట్టుకుని టెంటు సినిమాకు ప్రచారం చేసేవాడు. అమ్మది తెలుగు, నాన్నది కన్నడం. ఆయన నోట్లో రెండూ ఒకటిగానే ఉండేవి. “ఇందు రాత్రి కొత్త ఆట! తప్పకుండా బన్నీ! పిల్లల్ని కర్కొండు రాండి! జాగా దొరక్కపోతే నన్ను అనొద్దండప్పా!” అని అరిస్తే అంగళ్లలో బేరాలు ఆగేవి. తాను రెండు భాషలు మాట్లాడుతున్నానని ఆ మనిషికి తెలుసో లేదో! మాకూ ఆ ఊసు ఉండేది కాదు. బసన్న మాట బసన్నది, అంతే.

తర్వాత మా ఊరు ఏ రాష్ట్రంలోకి పోవాలన్న గొడవ లేచింది. నిన్నటిదాకా ఒకే బల్ల మీద కాఫీ తాగినవాళ్లు వేరే వేరే హోటళ్లు చూసుకున్నారు. నేను అప్పటికే చిన్న చిన్న వెటకారపు బొమ్మల కథలు రాస్తున్నాను. వాటిని అచ్చు వేసే ప్రెస్సు యజమానికి ఓ ఉపాయం తట్టింది. బొమ్మలకు అచ్చు బ్లాకులు చేయించడం ఖరీదైన పని. కాబట్టి బొమ్మలు ఒకసారే వేయించి, కింద అక్షరాలు మాత్రం మార్చి తెలుగులో ఒక పుస్తకం, కన్నడంలో ఒక పుస్తకం తెద్దామన్నాడు. తెలుగువాళ్ల పుస్తకంలో వెక్కిరింత కన్నడం మనిషికి, కన్నడం వాళ్ల పుస్తకంలో తెలుగు మనిషికి. బొమ్మ ఒకటే. రెండు చోట్లా ఒదిగే మనిషి కావాలి.

నాకు వెతుక్కునే పని లేకపోయింది. బోర్డులు రాసే పెయింటరుకు జట్కా చూపించి, “ఆ మూతి, ఆ బూరా కావాలి” అన్నాను.

రెండు పుస్తకాలూ నేనే రాశాను. తెలుగు దాని మీద ‘తుంటరి’ అని, కన్నడం దాని మీద ‘కిడిగేడి’ అని మారుపేర్లు పెట్టుకున్నాను. అర్థం రెండింటికీ ఒకటే. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. బొమ్మలు ఒకటేనని కనిపెట్టినవాళ్లు, అవతలి వాళ్లు మనవి దొంగిలించారని తిట్టుకుని ఇంకా ఎక్కువ కొన్నారు. గోవిందప్ప గోడ మీద కూర్చుని ఉంటాడు. ఇటు చూసి ఇటు మాట, అటు చూసి అటు మాట. ఏ పక్క వంట వాసన వస్తే ఆ పక్కకు కాళ్లు వేలాడేస్తాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

ఎందుకు రాశాను? తిండికి లోటు లేదు, అంగడి ఉంది. భాష మీద ప్రేమా? ఒక చేత్తో తెలుగును పొగిడి మరో చేత్తో కన్నడాన్ని పొగిడినవాడికి ఏ భాష మీద ప్రేమ ఉన్నట్టు? నిజం చెప్పాలంటే, హోటల్లో పక్క బల్ల దగ్గర నా వాక్యాలు చదువుకుని నవ్వుతుంటే, రాసింది నేనని తెలియనట్టు కూర్చుని వినడంలో నాకు చెప్పలేనంత సంతోషం ఉండేది. ఆ సంతోషం కోసమే రాశాను. సిగ్గుగా ఉంది, కానీ అంతకు మించిన కారణం లేదు.

బసన్న జట్కా వస్తే పిల్లలు వెంటపడడం మొదలుపెట్టారు. “గోవిందప్పా, ఏ పక్క దూకుతావప్పా?” అని ఒకటే గోల. కొన్నాళ్లకు రాళ్లు కూడా పడ్డాయి. టెంటు సినిమా ఓనరు భయపడి, తెలుగు వీధులకు ఒకణ్ణి, కన్నడం వీధులకు ఒకణ్ణి పెట్టుకున్నాడు. బసన్న చేతిలో బూరా తీసేసి, పోస్టర్లు అంటించే గంజి బకెట్టు ఇచ్చాడు.

అప్పుడు వచ్చాడు మా అంగడికి. చేతిలో రెండు పుస్తకాలూ ఉన్నాయి. ఆయనకు చదువు రాదు.

“చిన్నశెట్టీ, దీంట్లో ఏం రాసినారో ఒక తూరి చదివి చెప్పప్పా,” అన్నాడు.

చదివాను. నా రాతే, నా నోటితోనే, ఆ మనిషికే. మరీ ఘాటుగా ఉన్నవి దాటేశాను. మధ్యలో బసన్న నవ్వాడు. నిజంగానే నవ్వాడు. నవ్వి, “బాగా రాసినాడప్పా,” అన్నాడు. తర్వాత నా చేతిలోంచి పుస్తకాలు తీసుకుని పక్కపక్కన పెట్టాడు.

“ఇద్దరూ నన్నే పట్టుకున్నారేందప్పా? నేను వాళ్లకేం చేసినా?”

“నువ్వేనని ఎవరు చెప్పిరి బసన్నా? ఊరికే అనుకుంటాండావు.”

“హౌదప్పా, నేనే. మూతి నాదే, బూరా నాదే. పిల్లోళ్లకే తెలుస్తాండాది. వాళ్లు యాడుంటారో నీకు తెలుసుంటాది, చదువుకున్నోడివి. చెప్పు. కొట్టేకి కాదు, సుమ్నే అడిగేకి. నన్ను చూస్తే వాళ్లకే తెలుస్తాది, నేను ఏ గోడా ఎక్కలేదని.”

ఆ ఒక్క క్షణం నా చేతిలో ఉంది. ‘నేనే’ అంటే సరిపోయేది. నేను బట్ట మడత పెడుతూ, “తెలుగాయన బెజవాడలో ఉంటాడంట. కన్నడం ఆయన హుబ్బళ్లిలో,” అన్నాను. అంత దూరం పోడులే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? పోతే పీడ పోతుందనుకోలేదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పోయాడు. బళ్లారి స్టేషన్లో పడమటి బండెక్కి హుబ్బళ్లి పోయాడు. తిరిగొచ్చి, భార్య వద్దని ఏడుస్తున్నా వినకుండా తూర్పు బండెక్కి బెజవాడ పోయాడు. ప్రెస్సు కనబడిన చోటల్లా ఎక్కి దిగాడట. మళ్లీ మా అంగడికి వచ్చినప్పుడు గడ్డం మాసి ఉంది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

“దొరకలేదప్పా. హుబ్బళ్లిలో నేను నోరు తెరిస్తే తెలుగోడు వచ్చినాడన్నారు. బెజవాడలో కన్నడమోడన్నారు. ఆ రాసినోళ్లు నిజమే రాసినారు, చిన్నశెట్టీ. మనకే తెలీలేదు.”

నా అబద్ధం వెంట అంత దూరం పోయి, నా వెక్కిరింతను నిజమని నమ్మి తిరిగొచ్చాడు. కాఫీ తెప్పించి ఇచ్చాను. అంతే చేశాను.

ఇంతటితో అయిపోతే బహుశా ఈ కాగితం రాసేవాణ్ణి కాదు. తర్వాత ‘తుంటరి’ పేరుతోనే వేసిన రెండో తెలుగు పుస్తకం మీలో కొందరు చదివే ఉంటారు. గోవిందప్ప రైలెక్కుతాడు. హుబ్బళ్లిలో నోరు తెరవగానే తరిమేస్తారు. బెజవాడలోనూ అంతే. చివరికి గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద, అది ఎవరిదో తెలియక, నోటికి తువ్వాలు కట్టుకుని పడుకుంటాడు. అన్నిటికంటే అదే ఎక్కువ పోయింది. దానివల్లే మద్రాసు పత్రికలు ‘తుంటరి’ని పిలిచాయి; అది నేనేనని ఆ ఊరివాళ్లకు మాత్రమే చెప్పాను. ఎంత ఊహ, ఎంత ఊహ అన్నారు. ఊహ ఎక్కడిది? బసన్న కాఫీ తాగుతూ చెప్పింది విని, అంగడి మూయకముందే కథ అల్లుకున్నాను.

ప్రెస్సు యజమాని పోయాడు. పెయింటరు ఊరొదిలి వెళ్లాడు. ‘కిడిగేడి’ ఎవరో ఇప్పుడు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు మూసుకుంటే నాతోనే పోతుంది. ఆ ధైర్యంతోనే ఇన్నాళ్లు గడిపాను. బళ్లారిలోనే గాంధీనగర్లో ఇల్లు కట్టుకున్నాను. మా ఇంటి గోడకే బసన్న ప్రతి శుక్రవారం నిచ్చెన వేసుకుని పోస్టరు అంటిస్తాడు. “బాగుండావా చిన్నశెట్టీ?” అంటాడు. ఆ మాట తప్ప ఆయన నోటి నుంచి మరో మాట విని ఎన్నాళ్లయిందో. వీధి వీధినీ ఆపిన గొంతు అది.

ప్రచురణకర్తకు జవాబు రాశాను. పుస్తకం వద్దన్నాను. వేస్తే దీన్ని వేయమన్నాను, రెండు భాషల్లోనూ. ఈసారి ఏ పక్కకూ అక్షరం మార్చను. వేయకపోతే నేనే అచ్చు వేయించి మా ఊళ్లో పంచుతాను. ఇకమీదట నన్ను ఎవరూ పిలవకపోవచ్చు. సరే.

రేపు శుక్రవారం. అచ్చయ్యేదాకా ఆగను. బసన్నకు చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాలి. ఈసారి ఘాటువి దాటేయను. క్షమించమని అడగను. ఆయన ఏమంటాడో తెలియదు. బకెట్టు నా మీద కుమ్మరించినా, మళ్లీ ‘బాగా రాసినావప్పా’ అన్నా నిలబడి వింటాను. రెండోదే ఎక్కువ భయం.

దీన్ని ఏ భాషలో మొదలుపెట్టాలా అని పొద్దున్నుంచీ ఆలోచించాను. తలుపు వేసుకుని, ఆయన బూరా పట్టుకుని అరిచిన భాషలోనే ఒకసారి పైకి అని చూశాను.

“రెండూ రాసింది నేనే బసన్నా. ఎరడూ నానే.”

ఇంకోసారి అన్నాను.