అత్త చెవికి వినబడేలా

సదరం సర్టిఫికెట్ కోసం విశాఖ వెళ్ళేవాళ్ళు మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఆధార్ అసలుదీ జిరాక్సూ రెండూ పట్టుకెళ్ళాలి. పొద్దున్నే కడుపులో ఏదో ఒకటి వేసుకుని బయల్దేరాలి. మూడోది చివర్లో చెబుతాను. ఇప్పుడే చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదు.

సదరం అంటే మనిషికి వైకల్యం ఎంతుందో డాక్టర్లు చూసి తేల్చి ఇచ్చే కాగితం. అది కావలసింది మా మేనత్త అప్పలనరసమ్మకి. ఐదేళ్ళుగా ఆవిడ చెవులు మొండికేశాయి. ఎలమంచిలికి ఆరు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది అత్తే. కిందటేడు ఒకరోజు సాంబారు గిన్నె దించుతుంటే పిల్లలు వెనక నుంచి "అమ్మమ్మా, జరుగు జరుగు" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చారు. ఆవిడకి వినబడలేదు. తిరిగేసరికి ఒకడు అడ్డొచ్చాడు. వాణ్ణి తప్పించబోయి సాంబారంతా తన ఎడమ పాదం మీద ఒంపుకుంది. అప్పట్నుంచి అత్తకి పొయ్యి దగ్గర పని లేదు, గిన్నెలు తోమడమే. "చెవికి మిషన్ పెట్టించుకుని రామ్మా, గరిటె మళ్ళీ నీ చేతికే ఇస్తాను" అన్నారు హెడ్మాస్టరు గారు. మిషన్ ఉచితంగా రావాలంటే ఆ సర్టిఫికెట్ ఉండాలి.

ఇక నా సంగతి. నాకూ బడికీ ఏడో తరగతిలోనే పడక ఒకరినొకరు వదిలేసుకున్నాం. ఆటోకి రెండు లౌడ్‌స్పీకర్లు కట్టి మైకు సెట్టు అద్దెకి ఇస్తుంటాను. జాతరైనా, వైద్య శిబిరమైనా, కరెంటు కోతైనా మా చుట్టుపక్కల ఊళ్ళకి నా గొంతు ద్వారానే తెలియాలి. మనుషుల్ని నవ్వించడం నాకు అలవాటు. ఏడాదిగా నా జోకులకి సరుకు మా ఊరి సచివాలయంలో పనిచేసే లావణ్య అనే అమ్మాయి. కాలు కాలకముందే అత్త అర్జీ పెట్టింది ఆ పిల్లే. తేదీ ఎంతకీ రాకపోయేసరికి టీకొట్టు దగ్గర ఆ పిల్ల గొంతు అనుకరించి, "సర్వర్ బిజీగా ఉందండీ" అని కళ్ళు తిప్పేవాణ్ణి. జనం గ్లాసులు పక్కన పెట్టి మరీ నవ్వేవారు.

ఆ లావణ్యే మళ్ళీ అర్జీ పెట్టి, మొన్న మా ఇంటికొచ్చి, ఈసారి తేదీ కాగితం అచ్చుతీసి అత్త చేతిలో పెట్టి వెళ్ళింది. అత్త కాగితం తీసుకుంది కానీ ఆ పిల్ల మొహం చూడలేదు.

ఆటోని స్టేషన్ బయట పెట్టి ఆరూ ముప్పావు పాసింజరు ఎక్కాం. ఇద్దరికీ ముప్పై రూపాయలు. బండి టైముకే వచ్చింది. నాకు కాస్త నిరాశగా అనిపించింది, దాని మీద వేద్దామనుకున్న జోకు వృథా అయిపోయింది మరి. కిటికీ పక్క సీటు అత్తకి ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. పక్కన స్టీలు ప్లాంటు డ్యూటీకి వెళ్తున్న ఒకాయన టిఫిన్ బాక్సు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"ఎక్కడికి బావా, ముసిలమ్మని తీసుకెల్తన్నావ్?" అన్నాడు.

"సెవులు తనికీ సేయించడానికి బావా. గవర్నమెంటు ఏడాదికి గానీ పిలవనేదు. గవర్నమెంటుకీ సెవుడే గదా, ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూకోబెట్టి పరీచ్చ సెయ్యమంతాను."

రైలు పెట్టెలో అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది, ఏమీ వినకుండానే. నేను నవ్విస్తే ఆవిడ నవ్వుతుంది, అంతే.

అనకాపల్లిలో ఇడ్లీ తిన్నాం. బాక్సాయన దువ్వాడలో దిగిపోతూ, "మేనత్త కోసం పని మానుకున్నావ్, మంచోడివి బావా" అన్నాడు. ఎనిమిదింపావుకి విశాఖ. స్టేషన్ బయట సిటీ బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కాబట్టి అత్తకి సున్నా టికెట్టు, నాకు ఇరవై. ఆవిడ ఆ సున్నా టికెట్టుని మడిచి రవికలో దాచుకుంది. "నీకంటే నాకే ఇలువెక్కువరా, సూడు" అంది.

సర్కారు చెవుల ఆసుపత్రిలో తొమ్మిదికల్లా వరుసలో ఉన్నాం. కూర్చోడానికి బెంచీలున్నాయి, తాగడానికి చల్లటి నీళ్ళున్నాయి. హాల్లో సగం మంది చెవిటివాళ్ళు, తక్కిన సగం వాళ్ళని తీసుకొచ్చినవాళ్ళు. ఆ రెండో సగానికి గోడ మీది పోస్టర్లు చదువుతున్నట్టు నటించి ఇంకో రెండు జోకులు వేశాను. బాగానే పేలాయి.

పదిన్నరకి మా వంతు వచ్చింది. కౌంటర్లో మేడం అత్త ఆధార్ నంబరు కొట్టి, తెర వైపు కాసేపు చూసి తలెత్తింది.

"ఇంతకు ముందే తేదీ ఇచ్చారు కదండీ? కిందటేడు. రాలేదని ఉంది."

"మాకేటీ రానేదు మేడం."

"మెసేజ్ వెళ్ళిందండీ. చివర మూడు తొమ్మిదులున్న నంబరు ఎవరిది?"

చివర మూడు తొమ్మిదులు. నా ఆటో వెనక ఎర్ర రంగుతో రాయించిన నంబరు. కోరి తీసుకున్న నంబరు.

గుర్తొచ్చింది. మరిచిపోతే కదా గుర్తు రావడం. ఒకరోజు సాయంత్రం ఇంగ్లీషులో పొడుగాటి మెసేజ్ వచ్చింది. అందులో అత్త పేరు మాత్రం కూడబలుక్కున్నాను. తక్కినది ఏమిటో తెలియలేదు. సచివాలయం నూరడుగుల దూరం. వెళ్ళి, "అమ్మా, ఇందులో ఏముందో చదివి పెట్టు" అంటే సరిపోయేది. కానీ టీకొట్టులో పొద్దున్నే ఎవరినైతే వెక్కిరించానో ఆ పిల్ల ముందు నాకు ఇంగ్లీషు చదవడం రాదని ఎలా ఒప్పుకోను? రేపు చూద్దాంలే అని ఫోను జేబులో పెట్టేశాను. ఆ రేపు రాలేదు. అత్త కాలు కాలింది ఆ తేదీ దాటిన మూడు నెలలకి.

"నాదే మేడం" అన్నాను.

అత్త నా చొక్కా లాగింది. "ఏటంతన్నాదిరా ఆ పిల్ల?"

అత్తకి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అరిచాను.

"కంప్యూటర్ తప్పంట అత్తా! మన పేరు ఎక్కించనేదంట!"

అత్తతో పాటు ఆ రెండో సగానికంతా వినబడింది. కౌంటర్ మేడం చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. నన్ను ఒక్కసారి చూసి మళ్ళీ టైపు చేసుకుంది. నా జోకులకి నవ్విన ఒక పెద్దాయన తల తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"నాను అన్ననేదేటి? ఆ లావన్య ఎక్కించనేదన్నమాట" అంది అత్త. "దాని మొకం సూడనని ఒట్టేసుకున్నాను, మంచి పని సేసినాను. నిన్ను కాదులే అమ్మా" అని కౌంటర్ మేడంకి సర్దిచెప్పింది.

పరీక్ష గది అద్దాల గది. చెవులకి పెద్ద డిప్పలు తగిలించి, చప్పుడు వినబడితే వేలెత్తమన్నారు. బయట నిలబడి చూశాను. వేలు ఒళ్ళోనే ఉంది. చాలాసేపు ఉంది. అత్త నుదురు ముడిచి, కాళ్ళు దగ్గరికి లాక్కుని, ఎక్కడి నుంచో రావలసిన చప్పుడు కోసం బడిపిల్లలా కాచుకుని కూర్చుంది. ఎప్పటికో ఒకసారి వేలు లేచింది. పక్కనున్న అమ్మాయి నవ్వి తలూపేసరికి అత్త మొహం వెలిగిపోయింది.

డాక్టరమ్మ ఓపిగ్గా కాగితం మీద రాసి చూపించి, సైగలు చేసి మాట్లాడింది. సర్టిఫికెట్ వస్తుంది, దాంతో మిషన్‌కి అర్జీ పెట్టుకోవచ్చు అంది. తిరిగి కౌంటర్‌కి వెళ్తే మేడం, "ఈసారి మెసేజ్ ఏ నంబరుకి పంపమంటారు?" అని అడిగింది.

ఎకసెక్కంగా అడగలేదు. అందుకే ఇంకా తగిలింది.

"నాకు ఇంగ్లీసు సదవడం రాదు మేడం" అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. లావణ్య ఇచ్చిన కాగితం కింద ఆ పిల్ల తన నంబరు పెన్నుతో రాసి, 'ఏ సందేహమున్నా ఫోన్ చేయండి' అని పెట్టింది. తెలుగులోనే. ఆ నంబరు కూడా ఎక్కించమన్నాను.

మధ్యాహ్నం ఐదు రూపాయల క్యాంటీన్లో భోజనం చేశాం. అన్నం వేడిగా ఉంది, పప్పు బాగుంది. పొద్దున్నుంచీ సర్కారు మీద వేద్దామని మూటగట్టుకొచ్చిన జోకులన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. రైలు, బస్సు, అద్దాల గది, అన్నం, అన్నీ వేళకి వాటి పని అవి చేశాయి. చెయ్యనివాణ్ణి నేనొక్కణ్ణే.

సాయంత్రం ఐదున్నర బండికి తిరుగు ప్రయాణం. అత్త స్టేషన్ బయట ఖర్జూరాల పొట్లం కొని నా చేతిలో పెట్టింది. "నా కోసరం ఓ రోజు మైకు మానుకున్నావు, తిను." ఒకటి నోట్లో వేసుకున్నాను. దువ్వాడ దాటినా మింగుడు పడలేదు.

తాడి దగ్గర బండి ఆగింది. పెట్టె నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ చెవి దగ్గరికి వంగాను.

"అత్తా! కంప్యూటర్ తప్పు కాదు! మెసేజ్ నాకే వొచ్చింది! నాను సదవనేదు!"

"ఏటి?"

ఇంకా గట్టిగా అరిచాను. "కిందటేడు నీకు తేదీ వొచ్చింది! ఆ లావన్య తప్పు కాదు! నా తప్పు!"

 అవతలి సీట్లో ఒకామె జంతిక కొరకబోయి ఆగింది. మైకు లేకుండా నేను చేసిన ప్రకటనల్లో ఇంత దూరం వినబడింది ఇంకోటి లేదు.

 అత్త చీర కుచ్చెళ్ళు సర్దుకుని ఎడమ పాదం లోపలికి లాక్కుంది. అనకాపల్లి వచ్చింది, పోయింది.

"నాకు సెప్పనేదు సరే," అంది కసింకోట దగ్గర. "కాలు నాది, మానిపోయింది. మరా పిల్లని ఏడాది పొడుగునా తిట్టినాను గదరా. దానికేటి సెప్తావు?"

"రేపెల్లి సెప్తానత్తా."

"గుసగుసలాడి వొచ్చీడం కాదు. టీకొట్టు కాడ ఊరంతా నవ్వినాది. ఆ మైకెట్టు. నానూ పక్కన నిలబడతాను. మైకైతే నాకూ ఇనబడతాది."

ఏడు దాటాక ఎలమంచిలిలో దిగాం. ఎప్పుడూ నా పక్కన కూర్చునే అత్త ఆటో వెనక, స్పీకర్ల మధ్య కూర్చుంది.  ఊరొచ్చేదాకా నేను ఏ జోకూ వెయ్యలేదు.

ఇప్పుడు ఆ మూడో సంగతి. ఫోనుకి వచ్చిన మెసేజ్ అర్థం కాకపోతే, చదవడం వచ్చినవాళ్ళకి ఆరోజే చూపించండి. సిగ్గు ఒక్క నిమిషం. దాచుకుంటే ఎంత పెరుగుతుందో నన్ను చూస్తున్నారు కదా. ఇంటికి రాగానే మైకు బ్యాటరీ చార్జింగుకి పెట్టాను. రేపు పది గంటలకి, సచివాలయం తలుపులు తెరవగానే.