పుస్తకంలా తెరిచిన మామిడి చెక్క

మొన్న ఉప్పల్‌లోని మా ఇంటికి రంగులు వేయించేటప్పుడు, హాల్లో ఇరవై అయిదేళ్లుగా ఒకే మేకుకు వేలాడుతున్న గిటారును దించి, గోడ ఆరేదాకా ఉండనీ అని ఎదుటి గోడకు తగిలించాను. టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాణ్ని దానివైపు చూసి లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లూ బంగారంలా మెరిసిన ఎడమ సగం మట్టిరంగుకు తిరిగింది. ఇన్నేళ్లూ మొద్దుగా, జీవం లేనట్టు కనిపించిన కుడి సగం అలలు అలలుగా వెలుగుతోంది. కిటికీ ఇంతకాలం గిటారుకు ఎడమవైపు ఉండేది, ఇప్పుడు కుడివైపుకు వచ్చింది, అంతే తేడా. పాత మేకుకు తగిలించి చూశాను, మళ్లీ ఎదుటి గోడకు తెచ్చాను. నాలుగుసార్లు అలా తిరిగేసరికి రంగులు వేసేవాళ్లు పని ఆపి నన్నే చూస్తున్నారు. ఆ రెండు గోడల మధ్య ఒక మనిషి పరువు పోయిందని వాళ్లకు ఎలా చెప్పను?

ఆ మనిషి మా బావ, మా అక్క భర్త. అప్పట్లో ఉప్పల్‌లో సామిల్లులు వరుసగా ఉండే గల్లీలో వడ్రంగి మేస్త్రి. నేను నాచారంలో ట్రాన్స్‌ఫార్మర్లు చేసే ఫ్యాక్టరీలో, రాగితీగ చుట్టే సెక్షన్‌లో కొత్తగా చేరాను. సెలవు దొరికితే పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు వాయించే మా ఆర్కెస్ట్రాలో ఎవరిదో గిటారు అడిగి తెచ్చుకుని వాయించేవాణ్ని. సొంతానికి ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉండాలని, అదీ అంగట్లో దొరికే రకం కాకూడదని నా పిచ్చి. ఆ పిచ్చిని నవ్వకుండా విన్నవాడు బావ ఒక్కడే.

వరంగల్ రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసిన ఒక ముసలి మామిడి మొద్దును, బావ పనిచేసే సామిల్లు ఓనరు సేటు కొని తెప్పించాడు. రంపం దిగగానే బావ నాకు కబురు పెట్టాడు. తడి చెక్క మీద అరచెయ్యి ఆనించి, "మామిడంటే డబ్బాల చెక్క అనుకుంటరు బామ్మర్దీ. దీని లోపట సూడు, నీళ్లు పారుతున్నయ్" అన్నాడు. నిజంగానే చెక్క నిండా అడ్డంగా అలలు, చెరువు మీద గాలి వీచినట్టు. సేటును అడిగి అందులోంచి నా గిటారుకని ఒక పలక తీసుకుని, నెలల తరబడి నీడన ఆరబెట్టాడు. తరువాత దాన్ని మందంలో నిలువునా రెండుగా కోసి, పుస్తకం తెరిచినట్టు తెరిచి పక్కపక్కన అతికాడు, కుడి అలలు ఎడమ అలలను అద్దంలో చూసుకున్నట్టు ఉండాలని. మెడకు ఎవరిదో పాత దర్వాజాలోంచి వచ్చిన టేకు, వేళ్లు ఆడే పట్టీకి నల్లచారలున్న చింతచేవ. తీగల కదలికను పట్టే చుట్టలు నేనే, వెంట్రుకంత సన్నని రాగితీగతో చుట్టాను. ఎన్ని ఆదివారాలు గడిచాయో గుర్తులేదు గానీ, నా జీవితంలో నేను ఎవరినైనా పూర్తిగా నమ్మిన రోజులంటే అవే.

పాలిష్ ఆరిన రోజు ఆర్కెస్ట్రా వాళ్లందరినీ వెంటేసుకుని వెళ్లాను. సామిల్లు వాకిట్లో బల్లమీద నిలబెట్టి ఉంది, పక్కనుంచి ఎండ పడుతోంది. సగం బంగారం, సగం మట్టి. మా కీబోర్డు వాయించే అన్న పగలబడి నవ్వాడు.

"ఏంది తమ్మీ, మీ బావ దీనికి సగం మొఖానికే పౌడర్ కొట్టిండా?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ వారమే సేటు ఆఫీసులో చూసిన కొత్త టేబుల్ గుర్తుకొచ్చింది. దానిమీదా ఇవే అలలు. మొద్దు సేటుదే కనుక మిగతా పలకలు అతని టేబులుకు పోవడంలో వింతేమీ లేదని అప్పుడు తోచలేదు. నా చెక్కలో సగం సేటును మెప్పించడానికి ఇచ్చి, నాకు ఏదో ముక్క అతికాడనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చెక్క ఏం చేశావని అందరి ముందే అడిగేశాను. బావ తొణకలేదు.

"జర తిప్పి సూడు బామ్మర్దీ."

వెలుతురు రెండో పక్కనుంచి పడేలా తిప్పమని ఆ మాటకు అర్థం. నేను బోర్లా తిప్పి వీపు చూశాను.

"ఎనుక ఏమున్నది సూడనీకి? ముంగట దొంగతనం కనవడుతుంటే!" అని అరిచి, గల్లీ అంతా వినేలా చెక్కదొంగ అన్నాను. బావ చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ గిటారును ఇంటికి తెచ్చుకున్నాను గానీ ఒక్క పాటకూ వాయించలేదు. నమ్మినవాడు నన్ను ఎలా మోసం చేశాడో చూపించడానికే గోడకు తగిలించాను. వచ్చినవాళ్లందరికీ రెండు సగాలూ చూపించి చెప్పేవాణ్ని. ఆ రోజుల్లో ఇల్లు కట్టేవాళ్లు టేకు తామే కొని, మేస్త్రిని నమ్మి వదిలేసి వెళ్లేవారు. నా మాట తిరిగాక బావ దగ్గర చెక్క వదలడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కుర్చీ వేసుకుని కోసిన ముక్కలకు కాపలా కూర్చునేవారట. ఏడాది తిరక్కుండా బావ గల్లీ వదిలి నారపల్లి వెళ్లిపోయాడు. అక్క మా గడప తొక్కడం మానేసింది.

మఖమల్ గుడ్డ ఇటు నిమిరితే ఒక రంగు, అటు నిమిరితే ఒక రంగు. తెరిచిన చెక్కకూ అంతే, ఒక సగంలో పోగులు వెలుతురుకు ఎదురు తిరిగితే రెండో సగంలో మొహం చాటేస్తాయి. రోజంతా రాగిపోగులతో పనిచేసిన నాకు ఆ మాత్రం తోచకపోవడానికి కారణం తెలివిలేకపోవడం కాదు, మోసపోయానన్న బాధలో ఏదో సుఖం ఉండటం.

గోడల రంగు ఆరకముందే నారపల్లి వెళ్లాను. బావ ప్లైవుడ్ షీటుకు కొలతలు గీస్తున్నాడు. అంతా చెప్పి కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? నేను దొంగను కానని నాకెరుకనే గదా. గల్లీల నీ మాట ఇన్నోళ్లకు చెప్పు, పో."

గల్లీకి వెళ్లాను. సామిల్లులు లేవు. అట్ట చుట్టుకుని దిగే రెడీమేడ్ తలుపుల షోరూములున్నాయి. వాటిని ఎవరు చేశారో అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ లేరు. అప్పట్లో బావతో ఇంటి పని చేయించుకున్నవాళ్లలో ఒక పెద్దాయన నాగోల్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడని తెలిసి పోయాను. బావ పేరు చెప్పాను, ఊరు చెప్పాను, ఆయన ఇంటికి చేసిన దర్వాజా గుర్తుచేశాను. ఏదీ గుర్తులేదన్నాడు. చాలాసేపు ఆలోచించి, ఉన్నట్టుండి ముఖం వెలిగి, "ఎవలూ, ఆ చెక్కదొంగ మేస్త్రియా?" అన్నాడు.

అరగంట కూర్చుని చెప్పాను. తలూపుతూ విన్నాడు. నేను లేచేటప్పుడు, ఇంతకీ ఆ దొంగ ఇప్పుడెక్కడున్నాడని అడిగాడు.