మూత మీది పసుపు

మా నాయన పెట్రోలులో నీళ్లు కలపలేదు. కలిపాడని నింద వేసి, పావగడ తాలూకా కచేరీలో జవాను పని ఊడబెరికారు.

మొన్న మనవడు బైకుకు పసుపు పూస్తుంటే, పెట్రోలుతో కలిసిన ఆ వాసనకు నాయన చేతులు గుర్తొచ్చాయి. మహారాజుల కాలమది. ఆ కచేరీకి పెద్ద అయిన అమల్దారు మోటారు సైకిలును తుడిచి, పెట్రోలు పోసేది నాయనే. ఒక ఉగాదికి నన్ను ఎత్తుకుని, "నువ్వే పెట్టప్పా బొట్టు" అన్నాడు. ట్యాంకు మూత నిండా పసుపు మెత్తాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అమల్దారు బండిని తోసుకుంటూ వచ్చాడు. నాయన మూత తెరిస్తే ఉస్సుమంది, ఇంజను స్టార్టయింది. నా పూజకు దేవుడే లోపలికొచ్చి నిట్టూర్చాడనుకున్నాను. మూత బిగించి బయలుదేరితే వీధి చివర మళ్లీ ఆగింది.

"ఎండకేమో సామీ" అన్నాడు నాయన.

"ఎండ తాగిందా పెట్రోలు? నువ్వు అమ్ముకొని నీళ్లు పోసినావురా!"

నాయన మళ్లీ ఆ వీధిలో నడవలేదు. ఆయన చేతులకు ఆ వాసన మళ్లీ రాలేదు.

పెద్దయ్యాక మోటారు పని సొంతంగా నేర్చుకున్నాను. మూతకు గాలి పోయే సన్నని బెజ్జం ఉంటుందనీ, అది పూడితే పెట్రోలు కిందికి దిగదనీ అప్పుడు తెలిసింది. పూడ్చింది నా పసుపే. అప్పటికి నాయన లేడు. పింఛను తీసుకుంటున్న అమల్దారుకు ఉన్నదున్నట్టు రాశాను. మూడో జాబుకు జవాబొచ్చింది:

"బెజ్జంలో ఆ పసుపు, బండి ఆగిన మర్నాడే చూశాను. గుండుసూదితో నేనే తీశాను. మీ నాయనను పిలిచి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు."