వీరేశ్ కిటికీల వరుస

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. ఆదోనిలో పత్తి మిల్లులకు తూకం, బిల్లుల సాఫ్ట్‌వేర్ చేసిచ్చే చిన్న ఆఫీసులో నేను టీమ్ లీడ్‌ని. వీరేశ్ ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. చేనేత ఇంటి పిల్లవాడు, మంచి ప్రోగ్రామర్. ఆ ఏడే అతనికి చూపు తగ్గడం మొదలైంది. పోయింది తిరిగి రాదని డాక్టర్లు చెప్పేశారు.

మా పనంతా టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే నల్లటి తెరలో. పొద్దున రాగానే డేటాబేస్‌కు, సర్వర్‌కు, కోడ్‌కు, తప్పులు నమోదయ్యే లాగ్‌కు తలా ఒక కిటికీ, అంటే విండో, తెరుచుకోవాలి. తెర మీది రాతను పైకి చదివే స్క్రీన్ రీడర్ ఉన్నా, ఏ కిటికీలో ఉన్నాడో తెలియక వీరేశ్ తడబడేవాడు. ఒకసారి సర్వర్ ఆపబోయి డేటాబేస్ ఆపేశాడు.

"కండ్లు కనపడకుండా కోడ్ ఎట్ల రాస్తాడమ్మా? ఫోన్లు ఎత్తే పనికి మారుద్దాం," అన్నారు ఓనరు.

"రొంత టైమియ్యండి సార్," అన్నాను. లోపల మండిపోయింది.

కిటికీలన్నీ కంప్యూటరే తెరిచేలా స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. ఒక్క మాట టైపు చేస్తే చాలు, ఒకే తెర మీద నాలుగు గళ్ళుగా అన్నీ వచ్చేస్తాయి. చూసి నేనే మురిసిపోయాను. వీరేశ్ విన్నాడు. ముఖం వాడిపోయింది.

"అక్కా, ఇది అడ్డంగా చదువుతాంది. కోడ్ సగం, లాగ్ సగం కలిపి సెప్తాంది."

"మరెట్ల పెట్టాలప్పా?"

"మా నాయన మగ్గం గుంతలో కూర్చుంటే దారం పోయే నాడె, నూలు కండెలు అన్నీ చెయ్యికందేకాడ ఉంటాయి. ఇంట్లో ఎవరూ జరపరు. నాకూ అట్లే ఉండాల. ఒకదాని ఎనక ఒకటి, రోజూ అదే వరుస."

గళ్ళు తీసేశాను. ఇప్పుడు ఒక్కో కిటికీ తెర నిండా ఉంటుంది. ప్రతిదానికీ మారని ఒక అంకె. అది నొక్కితే ఆ కిటికీ పేరు ముందు వినిపిస్తుంది.

పత్తి సీజన్‌లో ఒక మధ్యాహ్నం ఒక మిల్లులో బిల్లులు ఆగిపోయాయి. బండ్లు బయట నిలిచిపోయాయి. ఓనరు వచ్చి వీరేశ్ వెనక నిలబడ్డారు. అతను లాగ్ విన్నాడు, కోడ్‌లో తప్పు సరిచేశాడు, సర్వర్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఎక్కడా తడబడలేదు. ఓనరు ఫోన్ల పని మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్ని నెలలకు, టైపు చేస్తూనే వీరేశ్ అన్నాడు: "అక్కా, మొన్నటిదాంకా రొంత వెలుతురన్నా తెలుస్తాండె. ఈపొద్దు అదీ లేదు."

"కిటికీలు?" అని మాత్రం అడగగలిగాను.

"యాడుండేవి ఆడనే ఉండాయిలేక్కా."

స్క్రిప్టులు టైము మిగుల్చుకోవడానికే అని అన్నాళ్ళూ అనుకున్నాను. ఒక మనిషి పని అతని చేతిలోనే ఉండడానికి కూడా రాయొచ్చని అప్పుడు తెలిసింది. ఇప్పుడా స్క్రిప్టును ఆఫీసంతా వాడుతుంది. అందులో ఏది మార్చాలన్నా ముందు వీరేశ్‌ను అడుగుతాను. అతను వద్దంటే ఇక అంతే.